ధర్మకాంటా

బల్లార్షాల బొగ్గుబావి మూసినంక
నాకు మిగిలింది ఒక తాళంచెవి,
లారీ పట్టేంత ఇనుప పలక,
గోడకు గడియారం లెక్క ఒక ముల్లు.
ముప్పై ఒక్క ఏండ్లు తూచిన.
ఖాళీ బండి ఇంత, నిండు బండి ఇంత,
నడుమ మిగిలేది బొగ్గు.
ఆ నడుమల ఎవరెవరి చేతులున్నయో ఎరుకే,
చీటీల ఆ కాలమ్ లేదు.

ప్రణాలి వచ్చి తాళం అడిగింది.
లోడర్ కొమురయ్య బిడ్డ.
నాగ్‌పూర్ల బరాత్‌ల ముందు ఆరేండ్లు ఆడి
మోకాలు చెడగొట్టుకొని ఇల్లు చేరింది.
"కాకా, బస్తీల ఇంత సాపు జాగ ఇంకేడుంది?"
నిజమే.
మా దగ్గర నాలుగడుగులేస్తే మోరీ,
ఐదో అడుగు ఎవరిదో పొయ్యిల పడతది.

శనివారం, ఐతారం, సాయంత్రం ఐదింటికి.
మొదటి వారం ముగ్గురు.
అందుల ఒకడు తమ్ముణ్ని చంకనేసుకొని వచ్చిండు.
నా పాత రిజిస్టర్లనే పేర్లు రాసిన,
బండి నంబరు ఉండే కాడ
శీతల్ రాజమల్లు, ప్రజ్వల్ ఓదెలు, మయూరి పోశం.
బడిల మరాఠీ, ఇంట్ల తెలుగు, కొట్లాటకు హిందీ.
ప్రణాలి లెక్కపెడితే మటుకు
ఏక్, దోన్, తీన్, నాలుగు.
ఎగిరేది ఏ భాషలనన్న ఎగురుతరు,
దిగేది తెలుగులనే.

స్పీకరుకు ఒక చెవి చచ్చింది.
ఓదెలు డప్పు కాగవెట్టి తెచ్చిండు.
ఆయనకు వచ్చింది రెండే దరువులు,
పెండ్లిదొకటి, చావుదొకటి.
పోరగాళ్లు రెండింటిని కలిపి
మూడోది చేసుకున్నరు.
దానికి పేరు లేదు.
ఓదెలుకు ఇంకా సరిగ పట్టుబడలే.

అంకుశ్ సంగతి చెప్పకుంటే తప్పయితది.
పదకొండేండ్లప్పుడు వాని సైకిల్ మీద
రెండు బొగ్గు సంచులు దొరికినయి.
ముప్పై రెండు కిలోలు అని చీటీ రాసింది నేనే.
గార్డు కట్టె ఎన్నిసార్లు లేచిందో రాయలే.
ఇప్పుడు వానికి పదహారు.
పలక చివర్న ఆడతడు,
నా కిటికీ దిక్కు వీపు పెట్టి.

ఒకనాడు ఊకెనే లివర్ లేపిన.
ముల్లు ఇంకా బతికే ఉంది.
పదకొండు మంది కలిసి నాలుగు నూర్ల ఎనభై.
నిండు లారీ ముందర తుడిచేసే లెక్క.
అంతల ప్రణాలి "తీన్" అన్నది,
అందరు లేచిండ్రు,
ముల్లు గిర్రున సున్నా దిక్కు ఉరికింది.
ఎవ్వరు లేరంటది ముల్లు,
కండ్ల ముంగట పదకొండు మంది.
నాలుగు.
ఏడు నూర్లు దాటి కొట్టుకుంది ఒక్క గడియ.
ఉన్నదానికంటె ఎక్కువ చూపిన బండ్లను
వెనక్కి పంపినోన్ని నేను.
కలం పట్టుకొని అట్లనే నిలవడ్డ.

అంకుశ్ ముల్లును చూసిండు.
అందర్ని దిగుమన్నడు.
పలక నడిమిట్ల ఒక్కడే నిలవడి,
మొదటిసారి నా దిక్కు తిరిగి
"బాబూ, నేనెంత?" అన్నడు.
ముల్లు జర కదిలింది, ఆగింది, వణికింది.
"ఇది పెద్ద కాంటా బిడ్డా,
చిన్న బరువులు దీనికి సరిగ తెల్వయి."
"మరి అప్పుడు ముప్పై రెండని
ఎట్ల రాసినవ్?"

డప్పు ఆగింది.
పేపర్ మిల్లు వాసన షెడ్డంత కమ్మింది.
నా కాడ జవాబు లేదు, ఇప్పటికీ లేదు.
ప్రణాలే చప్పట్లు కొట్టి
ఏక్, దోన్, మొదలువెట్టింది మళ్ల.
వాడు ఆడిండు.
కిటికీ దిక్కు వీపు పెట్టలే.
ముఖం కూడ పెట్టలే.

నిన్న ఆఫీసు కాయిదం వచ్చింది.
తుక్కు కింద వేలమట.
ఈ కాంటాను తూచనీకి
చంద్రపూర్ కాడి కాంటాకు మోసుకపోతరట.
నవ్వొచ్చింది, నవ్వలేకపోయిన.
కాయిదం ప్రణాలికి చూపిస్తే
తేదీ లేదు కద కాకా అన్నది.

ఇయ్యాల శనివారం.
నాలుగున్నర కూడ కాలే.
ముల్లు కీలుకు రెండు చుక్కలు నూనె ఏసి బయటికొస్తే
గడప కాడ అంకుశ్ చెప్పులున్నయి,
ఒకటి బోర్లపడి.